విక్టర్ మీద జాలి పడవచ్చు, జస్టిన్‌ను దాచకపోతే

రాయగడ నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. వారి యువజన నాటక బృందం ఫ్రాంకెన్‌స్టయిన్ కథను గంటన్నర తెలుగు నాటకంగా సిద్ధం చేసుకుంటోంది. అందులో విక్టర్ పాత్ర ఆయనదే. ఒక ప్రాణిని తయారుచేసి, దానిని దిక్కులేకుండా వదిలేసి, దాని చేతిలో తనవాళ్ళు ఒక్కొక్కరే చనిపోతున్నా నోరు విప్పని మనిషి మీద ప్రేక్షకుడు ఎందుకు జాలి పడాలి, తాను ఆ జాలి కోసం నటించాలా వద్దా అని ఆయన అడుగుతున్నారు. బృందంలో సగం మంది విక్టర్ దుర్మార్గుడని, మిగిలిన సగం మంది పాపం విధివంచితుడని వాదించుకుంటున్నారట.

నా సమాధానం: విక్టర్ సానుభూతికి అర్హుడే. అయితే ఆ సానుభూతిని అతని కష్టాలు చూపించి రాబట్టకూడదు. అతని వల్ల నష్టపోయినవాళ్ళను ప్రేక్షకుడి కళ్ళ ముందు ఉంచి రాబట్టాలి. బరంపురంలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు నాటకాలు వేయిస్తున్నవాడిగా, ఇదే కథను రెండుసార్లు ప్రయోగించినవాడిగా ఈ మాట చెబుతున్నాను. మొదటిసారి తప్పు చేశాను కనుక ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ తప్పు గురించే ఉంటుంది.

మేరీ షెల్లీ రాసిన ఈ ఇంగ్లిష్ నవల చదవనివారి కోసం ముందుగా కథ. జెనీవాకు చెందిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటూ, శవాల నుంచి సేకరించిన భాగాలతో ఒక మనిషి ఆకారాన్ని తయారుచేసి దానికి ప్రాణం పోస్తాడు. అది కళ్ళు తెరవగానే దాని రూపానికి అసహ్యపడి గదిలోంచి పారిపోతాడు. వెళ్ళిన చోటల్లా మనుషుల చేత తరిమివేయబడిన ఆ జీవి చివరికి పగబట్టి, విక్టర్ చిన్న తమ్ముడు విలియంను చంపుతుంది. ఆ నేరం ఇంట్లో పనిచేసే జస్టిన్ అనే అమ్మాయి మీద పడి, ఆమెకు ఉరిశిక్ష అమలవుతుంది. తరువాత స్నేహితుడు క్లెర్వల్, పెళ్ళినాటి రాత్రి భార్య ఎలిజబెత్ హతులవుతారు, తండ్రి ఆ దుఃఖంతో కన్నుమూస్తాడు. ఆ జీవిని వెంటాడుతూ పోయిన విక్టర్ ఉత్తర ధ్రువ సముద్రంలో ఒక ఓడ మీద ప్రాణం విడుస్తాడు.

మా మొదటి ప్రయోగం ఒక పరిషత్తు పోటీ కోసం చేసిన గంట నాటిక. గంటలో ఇంత కథ పట్టదు కనుక జస్టిన్ విచారణను తీసేశాను. నిజం చెప్పాలంటే సమయం ఒక్కటే కారణం కాదు. మా వైపు తెలుగు నాటకాలకు నటీమణులను తరచుగా శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో పిలిపించుకోవలసి వస్తుంది. రానుపోను ఖర్చులు, పారితోషికం కలిపి లెక్క వేసుకున్న తరువాత ఎలిజబెత్ ఒక్కతే చాలనిపించింది. జస్టిన్ సంగతి ఒక్క వాక్యంలో ముగించాను: పనిమనిషిని ఉరితీశారని తండ్రి ఒక ఉత్తరం చదివి చెబుతాడు, విక్టర్ తల పట్టుకుని కుర్చీలో కూలబడతాడు, వయొలిన్ వినిపిస్తుంది, దీపాలు తగ్గుతాయి. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకోవడం వింగ్‌లోంచి చూసి, నేను చాలా సంతోషించాను.

నాటిక అయిన తరువాత గ్రీన్ రూమ్‌లో దుస్తులు మడత పెడుతూ, మా బృందానికి చాలాకాలంగా బట్టలు కుట్టిపెడుతున్న పెద్దావిడ నన్ను ఒక ప్రశ్న వేసింది. "ఉరేసీసినారన్నారు కదా బాబూ, ఆ పనిపిల్లకి తల్లీ తండ్రీ నేరా? ఆ పిల్ల కోసం ఒక్కడూ ఏడవనేదేటి?" అంది. ఆమెకు విక్టర్ మీద కోపం లేదు, నన్ను తప్పుపట్టాలన్న ఉద్దేశమూ లేదు. ఆమె నిజంగానే ఆ పిల్ల సంగతి తెలుసుకోవాలనుకుంది. నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ పిల్లకు నేను ముఖమే ఇవ్వలేదు. ఉరికంబం ఎక్కినది ఒకరైతే, కన్నీళ్ళు అందుకున్నది మరొకరు. ఆ కన్నీళ్ళను పంచిన పక్షపాతి విక్టర్ కాదు, నేను.

ఇక్కడ ఆ విచారణ ఘట్టం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు మొత్తం అందులోనే ఉంది. విలియం మెడలో ఉండే తల్లి చిత్రపటం జస్టిన్ జేబులో దొరుకుతుంది. ఆ జీవే దానిని అక్కడ పెట్టింది. ఆమె తరఫున ఎలిజబెత్ కోర్టులో నిలబడి ఆమె మంచితనం గురించి మాట్లాడుతుంది, కాని ఆ మాటలు అక్కరకు రావు. తరువాత పాపనివేదన వినవచ్చిన మతగురువు మత బహిష్కారం అనీ నరకాగ్ని అనీ బెదిరించడంతో జస్టిన్ చెయ్యని నేరాన్ని ఒప్పుకుంటుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు విక్టర్ ఆ కోర్టులోనే కూర్చుని ఉంటాడు. హంతకుడు ఎవరో అతనికి తెలుసు. తమ్ముడు చనిపోయిన చోట, ఉరుములు మెరుపుల మధ్య, ఆ ఆకారాన్ని కళ్ళారా చూశాడు.

మరి ఎందుకు చెప్పడు? అతను తనకు తాను చెప్పుకునే కారణం చాలా బలమైనది. ఒక శవానికి ప్రాణం పోశానని, అదే హత్య చేసిందని అంటే పిచ్చివాడనుకుంటారు. పైగా హత్య జరిగిన రోజున తాను ఊళ్ళోనే లేడు. కనుక తాను నోరు విప్పినా ఆ పిల్ల బతకదు. లెక్క సరిగ్గానే ఉంది. ఏ లాయరును అడిగినా అదే సలహా ఇస్తాడు. ఈ ఘట్టంలోని భయం నాకు అక్కడే కనిపిస్తుంది. విక్టర్ పిరికితనంతో మౌనంగా ఉండి ఉంటే మనం అతన్ని సులభంగా అసహ్యించుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. అతని తర్కంలో తప్పు దొరకకపోవడం వల్ల, ఆ స్థానంలో మనమైనా అలాగే కూర్చునేవాళ్ళమేమోనన్న అనుమానం హాల్లో ఉన్న ప్రతివాడికీ కలుగుతుంది. చెప్పినా ప్రయోజనం లేకపోయినా చెప్పి తీరవలసిన మాటలు కొన్ని ఉంటాయని అతనికి తట్టదు. సానుభూతికి నేను వెతికే చోటు ఇదే: తప్పు చేసిన మనిషి మనకు పరాయివాడిగా కనిపించడం మానేసిన చోటు. అరిస్టాటిల్ విషాద నాయకుడి గురించి చెబుతూ, అతను గొప్ప పుణ్యాత్ముడూ కాకూడదు, పచ్చి దుర్మార్గుడూ కాకూడదు, మనలాంటివాడై ఉండి ఒక పొరపాటు వల్ల పతనం కావాలని అన్నది ఈ కారణంగానే. మనలాంటివాడు కాకపోతే భయం పుట్టదు.

అయితే వెంటనే నవలలో విక్టర్ ఇంకొక మాట అంటాడు. నిందితురాలి బాధ తన బాధకు సాటిరాదని, ఆమెకు నిర్దోషినన్న ధైర్యమైనా ఉందని, తనకు అదీ లేదని. మా రెండో ప్రయోగంలో విక్టర్ వేసిన నటుడు ఈ మాట తీసేయమని నన్ను చాలా బతిమాలాడు. "మాష్టారూ, ఈ ఒక్క డైలాగుతో నా మీద జాలంతా పోతుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే, ఆ క్షణంలో పోతుంది, పోవాలి కూడా. ఉరికంబం ముందున్న పిల్లతో తన మనోవేదనను పోల్చుకునే మనిషి ఎంత ఒంటరివాడో, ఎంతగా తనలోనే కూరుకుపోయాడో ఆ మాట చెప్పినంతగా పది పేజీల స్వగతం చెప్పదు. పోయిన జాలి తరువాత మరొక రూపంలో తిరిగి వస్తుంది. పాత్రను కాపాడాలని రచయిత రాసిన చేదు మాటను తీసేయకండి. నటులు దీనిని అంత సులభంగా ఒప్పుకోరు. వారి ఇబ్బంది నాకు తెలుసు, నేనూ నటుడిగానే మొదలుపెట్టాను.

కొన్నేళ్ళ తరువాత చేసిన రెండో ప్రయోగంలో జస్టిన్‌కు పన్నెండు నిమిషాలు ఇచ్చాను. ఆ తరువాత ఆమెను తెర వెనక్కి పంపలేదు. ఉరి తరువాత ఆమె నెమ్మదిగా నడిచివచ్చి రంగస్థలం అంచున ఒక ముక్కాలిపీట మీద కూర్చుంటుంది. చేతిలో విలియం చొక్కా ఉంటుంది, దానికి ఊడిన బొత్తాం కుడుతూ ఉంటుంది. దయ్యంలా తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక నుంచి పొగ, ఇలాంటివి ఏవీ పెట్టలేదు. ఎవరూ ఆమె వైపు చూడరు, ఆమె ఎవరి వైపూ చూడదు. మిగిలిన నాటకమంతా ఆమె అక్కడే ఉంటుంది. ఇలా చేస్తే ప్రేక్షకుడు విక్టర్‌ను క్షమించడేమోనని నాకు భయం ఉండేది. జరిగింది వేరు. ఆ పిల్ల కనిపిస్తున్నంతసేపూ విక్టర్ ఎంత ఏడ్చినా ఎవరికీ అది నాటకీయంగా అనిపించలేదు. మొదటి ప్రయోగంలో కళ్ళు తుడుచుకున్న హాలు ఈసారి ఊపిరి బిగబట్టింది.

మన శాస్త్రం ఈ విషయాన్ని ఎప్పుడో చెప్పింది, నేనే ఆలస్యంగా చదివాను. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణం, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని చెబుతాడు. రౌద్రం చేసిన పని ఫలితమే కరుణం అని కూడా వివరిస్తాడు. అంటే కరుణ పుట్టే చోటు దెబ్బ తగిలిన చోటు. దెబ్బ కొట్టినవాడి మీదికి ఆ కరుణ ప్రసరించాలంటే ముందు అది దెబ్బ తగిలిన చోట పుట్టి ఉండాలి. బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్నది కూడా ఈ కథకు అచ్చంగా సరిపోతుంది: విక్టర్ ప్రయోగశాల బీభత్సం, దాని నుంచి పుట్టినది భయానకం. అన్నట్టు భరతుడు కరుణానికి చెప్పిన రంగు పావురాయి రంగు. జస్టిన్ కూర్చున్న మూల మీద నీలం, ఎరుపు లేకుండా బూడిద ఛాయలో చిన్న దీపం ఒక్కటే పెట్టి, డిమ్మర్‌ను చివరిదాకా కదపవద్దని మా లైటింగ్ కుర్రవాడికి చెప్పాను.

ఇక మీ బృందంలో రెండో సగం వారి వాదన, విధి. ఇది మన తెలుగు నాటకానికి పాత జబ్బు. పాత్రను మంచివాడిగా మిగల్చాలంటే "తలరాత" అని ఒక పద్యం పాడించేస్తాం. తమాషా ఏమిటంటే మేరీ షెల్లీ కూడా ఆ వైపు కొంత మొగ్గింది. 1818లో పేరు లేకుండా వచ్చిన మొదటి ముద్రణలో విక్టర్ ఎక్కువగా తన ఇష్టంతోనే అడుగులు వేస్తాడు. 1831లో ఆమె సవరించిన కూర్పులో విధి ప్రస్తావన పెరిగింది. ఆ కూర్పులో విక్టర్ న్యాయమూర్తులను వేడుకున్నట్టు, వారి కఠినమైన జవాబులు విన్న తరువాత చెప్పబోయిన నిజం పెదవుల మీదే ఆగిపోయినట్టు ఉంటుంది. ఈ రెండింటిలో ఏది వాడుకోవాలని అడిగితే, పెదవుల మీద ఆగిపోయిన మాటను 1831 నుంచి తీసుకోండి, విధి గురించిన ఉపన్యాసాలను అక్కడే వదిలేయండి. చెప్పబోయి ఆగిపోవడం నటుడికి దొరికే వరం. విధి మాత్రం అతని చేతిలోంచి పనిని లాక్కుంటుంది. వేరే దారి లేనివాడి కోసం మనం బాధపడతాం గాని, వాడి గురించి ఆందోళన పడం.

సారంగధర కథ మన ప్రేక్షకులకు బాగా తెలిసినది కనుక పోల్చి చూడండి. రాజరాజనరేంద్రుడు చిత్రాంగి మాట నమ్మి, విచారించకుండా, కన్నకొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడు. నిజం తెలిసిన తరువాత కుప్పకూలిపోయాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు దానిని విషాదాంత నాటకంగా మలిచినప్పటి నుంచి ఆ రాజు మీద జాలిపడని తెలుగు ప్రేక్షకుడు లేడు. అతను తెలియక చేశాడు, విక్టర్ తెలిసి ఊరుకున్నాడు. మొదటిదానికి జాలి సులువుగా వస్తుంది. రెండోదానికి నాటకం కష్టపడాలి. అయినా రాజును సైతం మనం దగ్గరగా తీసుకోగలిగేది, నరికిన చేతులతో సారంగధరుడు మన ఎదుట పడి ఉన్నాడు కనుకనే. ఆ దృశ్యాన్ని వార్తగా చెప్పించి, రాజు దుఃఖాన్ని మాత్రం అరగంట చూపిస్తే ఎవరు ఓర్చుకుంటారు?

సానుభూతిని అడ్డదారిలో కొనుక్కునే పద్ధతి మరొకటి ఉంది, నాయకుడికి ఒక ప్రేయసిని తగిలించడం. ఒకే మనిషి పెద్దమనిషి జెకిల్‌గానూ, దుర్మార్గుడు హైడ్‌గానూ మారే జెకిల్, హైడ్ కథ 1886లో వచ్చింది. మరుసటి ఏడాదే థామస్ రసెల్ సలివన్ దానిని నాటకంగా మలిచాడు, రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ రెండు పాత్రలనూ తానే వేసి బోస్టన్‌లోనూ, 1888లో లండన్‌లోనూ పేరు తెచ్చుకున్నాడు. మూలకథలో జెకిల్‌కు పెళ్ళి నిశ్చయమైన అమ్మాయి ఎవరూ లేదు. నాటకంలో ఆగ్నెస్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె హైడ్ చేతిలో హతుడైన పెద్దమనిషి కూతురే. ఆమె ప్రేమిస్తోంది కనుక ఇతను మంచివాడై ఉంటాడని ప్రేక్షకుడు ముందే అనుకుంటాడు. విక్టర్‌కు ఎలిజబెత్ మూలంలోనే ఉంది. మీరు ఆమెను అతని మంచితనానికి సాక్షిగా నిలబెట్టకండి. ఆమె స్వయంగా కోర్టులో జస్టిన్ కోసం మాట్లాడిన మనిషి. అతను చెయ్యలేని పని ఆమె చేసింది. ఆ ఇద్దరినీ ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టి, ఆమె లేవడం, అతను లేవకపోవడం చూపిస్తే డైలాగు అక్కరలేదు. మా విక్టర్ ఆ సమయమంతా చేతిలోని టోపీ అంచును వేళ్ళతో తిప్పుతూ ఉండేవాడు, అంతే.

ఆ జీవి నోరు మూయించకండి. ఈ కథ మొదటిసారి రంగస్థలం ఎక్కింది 1823లో, లండన్‌లోని ఇంగ్లిష్ ఆపెరా హౌస్‌లో. పీక్ రాసిన ఆ నాటకంలో ఆ జీవికి మాటలు లేవు, టి.పి. కుక్ మూకాభినయంతోనే మెప్పించాడు. కరపత్రంలో పాత్ర పేరు ఉండవలసిన చోట గీతలు మాత్రమే అచ్చువేశారు. మేరీ షెల్లీ స్వయంగా వెళ్ళి చూసింది, ఆ గీతల ఆలోచన ఆమెకు నచ్చింది కూడా. కాని మాట లేకపోతే ఆ జీవి ఒక మృగమవుతుంది, విక్టర్ మృగం బారినపడ్డ అమాయకుడవుతాడు. నవలలో ఆ జీవి చక్కగా మాట్లాడుతుంది, పుస్తకాలు చదువుతుంది, ఒక గుడ్డి ముసలాయన ఎదుట కూర్చుని స్నేహం అడుగుతుంది. ఆ ముసలాయన దృశ్యానికి కనీసం పది నిమిషాలైనా ఇవ్వండి. 2011లో లండన్ నేషనల్ థియేటర్ కోసం నిక్ డియర్ రాసి డానీ బాయిల్ దర్శకత్వం వహించిన ప్రయోగంలో బెనెడిక్ట్ కంబర్‌బాచ్, జానీ లీ మిల్లర్ ఈ రెండు పాత్రలనూ ప్రదర్శనకు ప్రదర్శనకు మార్చుకుంటూ వేశారు. సానుభూతి అన్నది అన్నదమ్ముల మధ్య పొలం పంపకం కాదు కదా, ఒకరికి ఎక్కువ ఇస్తే రెండోవారికి తగ్గిపోవడానికి.

తప్పు చేసినవాడి మీద జాలి పుట్టిస్తే జనానికి తప్పు నేర్పినట్టవుతుందన్న అభ్యంతరం మీ బృందంలో ఎవరో లేవదీశారని రాశారు. గంజాం జిల్లాలో పుట్టి పెరిగినవాడిగా నాకు దీనికి జవాబు వెతకవలసిన పని లేదు. మా వైపు ఒడియా మిత్రులు ఆడే ప్రహ్లాద నాటకం మీరూ చూసి ఉంటారు. జలంతర సంస్థానం పేరుతో ప్రసిద్ధమైన ఆ నాటకం రాత్రంతా నడుస్తుంది. పేరుకు ప్రహ్లాదుడిదే గాని ఆ రాత్రి హిరణ్యకశిపుడిది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద పైకెక్కుతూ, దిగుతూ, పాడుతూ, గర్జిస్తూ అతనే ఆక్రమించుకుంటాడు. నరసింహుడి ముఖానికి పూజ చేసిగాని ధరించరు. ఆ ముఖం ధరించిన మనిషికి ఆవేశం వచ్చినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని గట్టిగా పట్టుకోవలసి వస్తుంది. చిన్నప్పుడు మా మేనమామ భుజాల మీద కూర్చుని ఆ ఘట్టం చూసినప్పుడు నాకు భయం వేసింది దేవుడి ముఖం చూసి, ఏడుపు వచ్చింది రాక్షసుడిని చూసి. అతను కన్నకొడుకును ఏనుగుల కింద వేయించినవాడని నాకు తెలుసు. చెల్లాచెదురైన కిరీటంతో పడి ఉన్నవాడు ఒక తండ్రి అని కూడా అప్పుడే తెలిసింది. అందుకు ప్రహ్లాదుడు రాత్రంతా ఆ మెట్ల మీదే, మన ఎదుటే ఉండటమే కారణమని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ నాటకం చూసి తెల్లవారి ఇంటికి వెళ్ళినవాళ్ళలో హిరణ్యకశిపుడికి గుడి కట్టినవాడు నాకు తెలిసి ఎవరూ లేడు.

పెళ్ళి రాత్రి ఘట్టం గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది దానిని కేవలం భయపెట్టడానికి వాడుకుంటారు. పెళ్ళినాటి రాత్రి నీ దగ్గర ఉంటానని ఆ జీవి ముందే హెచ్చరిస్తుంది. విక్టర్ దానికి తన ప్రాణం తీయడానికి వస్తుందని అర్థం చేసుకుంటాడు. ఎలిజబెత్ పేరు అతని ఊహలోకే రాదు. ఆమెను గదిలో పడుకోమని పంపించి, తాను పిస్తోలుతో వసారాల్లో మూలమూలలా వెతుకుతూ తిరుగుతాడు. ఇందులో అతని ధైర్యం ఉంది, ప్రేమ ఉంది, ఆ రెండింటినీ మింగేసిన స్వార్థం కూడా ఉంది, అదీ అతనికే తెలియని స్వార్థం. మా రెండో ప్రయోగంలో ఇక్కడ సంగీతం పూర్తిగా ఆపించాను. విక్టర్ ఎడమ వింగ్ వైపు వెతుకుతుండగా కుడివైపు కిటికీ తలుపు నెమ్మదిగా తెరుచుకుంటుంది. వెనక వరుసల్లోంచి ఎవరో "అటు కాదు బాబూ, గదిలోకి ఎల్లు" అని కేకవేశారు. పక్కవాళ్ళు నవ్వలేదు. అప్పటికి గంట నుంచి జస్టిన్ పీట మీద కూర్చుని బొత్తాం కుడుతూనే ఉంది. ఆ కేక వేసిన మనిషికి విక్టర్ చేసినదంతా తెలుసు, అయినా అతను తప్పు వైపు వెళుతుంటే ఆపాలనిపించింది. సానుభూతికి ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

చివరి దృశ్యం సంగతి త్వరగా చెబుతాను. ఓడ మీద చనిపోయే ముందు విక్టర్ తన గతాన్ని తరచి చూసుకుని, తన నడవడిలో తప్పుపట్టవలసినది కనిపించలేదంటాడు. మన నాటకాల అలవాటు ప్రకారం అక్కడ ఒక పశ్చాత్తాపం, మోకాళ్ళ మీద కూలడం, క్షమాపణ రాయాలని చేతులు దురద పెడతాయి. రాయకండి. ఆ మాటను మామూలుగా, అలసిపోయిన గొంతుతో అనిపించండి. అతనికి కనిపించనిది, పావురాయి రంగు వెలుతురులో కూర్చుని ఉన్న పిల్ల రూపంలో, ప్రేక్షకుడికి కనిపిస్తూ ఉంటుంది. విక్టర్ చనిపోయిన తరువాత ఆమె దారాన్ని పంటితో కొరికి, చొక్కా మడిచి, లేచి వెళ్ళిపోతుంది.

ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు మార్చి, జెనీవాను ఏ జమీందారీ బంగళాగానో చెయ్యాలా అని కూడా అడిగారు. అక్కరలేదు. పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా మన ప్రేక్షకుడు నాలుగు భాషల మధ్య బతికేవాడు, పరాయి పేర్లు అతన్ని ఇబ్బంది పెట్టవు. మాటలు మాత్రం నాలుక తిరిగే తెలుగులో ఉంటే చాలు.

నటుడిగా మీరేం చెయ్యాలన్నదానికి నా సూచన ఒక్కటే. మొదటి దృశ్యం నుంచి జాలి కోసం ముఖం పెట్టకండి. ప్రయోగశాలలో నిజంగా ఉత్సాహంగా ఉండండి, ఆ జీవి కళ్ళు తెరిచినప్పుడు నిజంగా అసహ్యించుకోండి, కోర్టులో నిజంగా లెక్కలు వేసుకోండి. ఆ తరువాత ఒక రిహార్సల్‌కు విక్టర్ పాత్రను మీ మిత్రుల్లో మరొకరికి ఇచ్చి, మీరు జస్టిన్ పీట మీద గంటన్నరసేపు కూర్చోండి. సూది, దారం, చొక్కా తీసుకువెళ్ళండి. విక్టర్ మాటలన్నీ అక్కడి నుంచి విని, మరుసటి రోజు మీ పాత్రలోకి తిరిగి రండి.